పేదరాశి పెద్దమ్మ ఇల్లు

చీకటి పడితే ముక్తేశ్వరం రేవులో పంటు ఉండేది కాదు. అక్కడ గౌతమీ గోదావరి బాగా వెడల్పు. ఎండాకాలంలో ఇసుక మేటల్ని తప్పించుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళాలి. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీళ్ళ ఉరవడికి ఎదురు పోవాలి. అందుకని పొద్దు గుంకకముందే ఆఖరి పంటు కోటిపల్లి వైపు వెళ్ళిపోయేది. అమలాపురం వైపు నుంచి ఆలస్యంగా బస్సు దిగినవాళ్ళు ఒడ్డున నిలబడి అవతలి దీపాలు చూడవలసిందే. 1970ల మాట ఇది. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేసిన పట్టాలు మళ్ళీ పడింది 2004లో.

అలా దిగడిపోయినవాళ్ళకి రేవులో మనిషే చెయ్యెత్తి ఒక ఇల్లు చూపించేవాడు. "అదిగోనండి, ఆ నందివర్ధనం చెట్టున్న ఇల్లు. మామ్మగారుంటారు. అన్నం పెడతారండి, అరుగు మీద పడుకోవచ్చండి, ఆయ్."

ఊరందరికీ ఆవిడ రేవు మామ్మ. అసలు పేరు ఏమిటో పిల్లలకి తెలియదు, పెద్దలు కూడా పలికేవారు కాదు. తాటాకిల్లు. పేడతో అలికిన ఎత్తరుగు, దాని మీద చుట్టచుట్టి గోడకి నిలబెట్టిన ఈతచాపలు. పెరట్లో అరటిచెట్లు, కందపాదు, పందిరి మీద బచ్చలి. తెల్లచీర కొంగు తల మీంచి నుదుటి దాకా లాక్కుని, వంగి నడిచేది. వంగిన నడుముతోనే బిందెడు నీళ్ళు రేవు మెట్లెక్కి తెచ్చేది. ఎవరొచ్చినా ముందు కులగోత్రాలు అడగదు, "కాళ్ళు కడుక్కుని రండి, ఆకు వేస్తాను" అంటుంది. ఎవరి దగ్గర ఎంత పుచ్చుకునేదో నాకు తెలీదు. తిని లేచాక ఎవరికి తోచింది వాళ్ళు గూట్లో పెట్టి పోయేవారని అమ్మమ్మ చెప్పేది.

మా అమ్మమ్మ ఇల్లు రేవుకి నాలుగు కొబ్బరితోటల ఇవతల. వేసవి సెలవులంతా అక్కడే. రాత్రి వాకిట్లో నులకమంచం, అమ్మమ్మ పక్కన నేను, నా పక్కన పెద్దమామయ్య కూతురు. కథ మొదలయ్యాక ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది, మళ్ళీ ఎక్కడ ఆగిందో నేనే చెప్పాలి. రాజకుమారుడు బయల్దేరతాడు. అడవి దాటతాడు, కొండ దాటతాడు, పొద్దు గుంకుతుంది. అప్పుడు దూరంగా దీపం. ఆ దీపం ఎవరిదో అమ్మమ్మ చెప్పక్కర్లేదు, మేమిద్దరం ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం.

పేదరాశి పెద్దమ్మ!

ఏ కథైనా సరే, ఊరి పొలిమేరలో ఆవిడ ఇల్లు ఉండి తీరుతుంది. గుర్రాన్ని గుంజకి కట్టేసి రాజకుమారుడు ఓ వరహా ఆవిడ చేతిలో పెడతాడు. ఆవిడ పొయ్యి రాజేస్తుంది. ఆ పొయ్యి మండుతున్న కాసేపట్లోనే కథకి కావలసిందంతా తెలిసిపోతుంది. ఊళ్ళో రాజు ఎవరు, ఆయన కూతురు ఎందుకు నవ్వదు, కోట మీద నల్లజెండా ఎందుకుంది, ఏ రోజు ఎవరింటి వంతు వస్తే రాక్షసికి బండెడన్నం, మనిషి వెళ్ళాలి, అన్నీ ఆవిడే చెబుతుంది. "నాయనా, మూడు దిక్కులకి వెళ్ళు గానీ ఉత్తర దిక్కుకి మాత్రం వెళ్ళకు" అని కూడా అంటుంది. వాడు ఉత్తర దిక్కుకే వెళతాడు. ఆ సంగతి ఆవిడకి తెలియకుండా అని ఉంటుందా? అమ్మమ్మ గొంతులో ఆ మాట వచ్చినప్పుడల్లా చిన్న ఆపు ఉండేది. వెళ్ళమని చెప్పడానికి అదొక దారేమోనని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గోపబాలుడికి ప్రతి మజిలీలో ఓ కథ చెబుతూ పోతాడు. మజిలీ లేనిదే కథ లేదు. ఆ మజిలీ ఎవరో ఒకరి ఇల్లు అయి ఉండాలి కదా. మన జానపద కథల్లో ఆ ఇంటి దీపం వెలిగించేది నలభై వరహాల సత్రం యజమాని కాదు, భర్తా బిడ్డలూ లేని ముసలామె. అది ఊరికే వచ్చిన అలవాటని నేననుకోను.

ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన క్రీడాభిరామంలోనే పూటకూళ్ళ ఇల్లు ఉంది, రూక ఇస్తే కడుపు నిండా భోజనం దొరికే ఇల్లు. అన్ని వందల ఏళ్ళ తరవాత గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ వస్తుంది. గిరీశాన్ని పోషించి, మోసపోయి, మధురవాణి ఇంటికి చీపురుతో వచ్చిన పూటకూళ్ళమ్మని చూసి నాటకం చూసేవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నాకు ఆ నవ్వు ఎప్పుడూ రాలేదు. ఆవిడ చేతిలో ఉన్న కష్టార్జితం, వీడు ఎత్తుకుపోయిన డబ్బు, అవే కనిపిస్తాయి. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో. దానికి పదకొండేళ్ళ ముందు, 1881 డిసెంబరులో, మా గోదావరి ఒడ్డునే రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. వితంతువు పెళ్ళాడవచ్చని చట్టం 1856 నాటిదే. కానీ చట్టం వచ్చిన ఇళ్ళెన్ని? భర్త ఆస్తిలో వితంతువుకి ఏదో ఒక హక్కు ఉందని మరో చట్టం చెప్పేసరికి 1937 అయింది, అదీ బతికున్నన్నాళ్ళు అనుభవించడానికే. పూర్తి హక్కు 1956లో గానీ రాలేదు. పుట్టింట్లో బరువై, అత్తింట్లో పనిమనిషై బతకనన్న ఆడదానికి చేతిలో ఉన్న విద్య ఒక్కటే, వంట. నలుగురికీ వండిపెట్టి తన అరుగు మీద తాను బతకడం. కథల్లో పేదరాశి పెద్దమ్మ ఇల్లు ఊరి చివర ఎందుకుందంటే, అలాంటి ఆడవాళ్ళ ఇళ్ళు నిజంగానే ఊరి చివర ఉండేవి.

రేవు మామ్మ సంగతి అమ్మమ్మ ఒకేసారి చెప్పలేదు. విస్తళ్ళు కుడుతూ ఒక ముక్క, వడియాలు పెడుతూ ఒక ముక్క. తొమ్మిదో ఏట పసుపు కుంకుమ పోయాయట. పోయినాయన మొహం కూడా గుర్తులేదట. మరుదులు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఇక నీకేం లేదన్నారట. ఆ రేవు దగ్గర జాగా ఎవరిదో లంకభూమి, వరదకి పోతూ వస్తూ ఉండేది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదట.

మా వైపే ఇంకో ఆవిడ కథ అమ్మమ్మ చెప్పేది. అది చెప్పేటప్పుడు ముందు చేతులు జోడించేది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో పుట్టి, గన్నవరం కోడలై వచ్చి, గోదావరి పాయ దాటి వచ్చేవాళ్ళకి వేళ లేదు, కులం లేదు, ఆకలి ఉంటే చాలనుకుని వండి వడ్డించిన తల్లి. భర్త పోయాక కూడా ఆ పొయ్యి ఆరలేదు. 1909లో ఆవిడ వెళ్ళిపోయారు. ఇప్పుడు గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరుంది, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. సీతమ్మగారికి ఇల్లూ భూమీ భర్తా ఉన్నాయి, పెట్టి తరించింది. రేవు మామ్మకి అవేవీ లేవు, పెట్టి బతికింది. అమ్మమ్మ ఈ ఇద్దర్నీ ఒకే దండం కింద చేర్చేది. నాకు కథలన్నింటికంటే ఆ దండం ఎక్కువ గుర్తు.

పిల్లలకి మాత్రం రేవు మామ్మ అంటే హడల్. అన్నం తినకపోతే రేవు మామ్మకి ఇచ్చేస్తామనేవారు. ఒకే ఇంట్లో రాత్రి పేదరాశి పెద్దమ్మ కథ విని, పగలు అదే వేషంలో ఉన్న మనిషి ఎదురైతే మందారపొదల చాటుకి పరిగెత్తేవాళ్ళం. ఊళ్ళో పెద్దలూ తక్కువేం కాదు. పొద్దున్నే ఎదురొస్తే ప్రయాణం మానుకునేవారు. అదే మామ్మ చేతి ముక్కలపులుసు గురించి మాత్రం లొట్టలేసుకుంటూ చెప్పుకునేవారు.

ఒక వేసవిలో వీధి చివరింటి పిల్లాడికి జ్వరం వచ్చి తగ్గలేదు. మూర్ఛలు కూడా వచ్చాయి. వాడు అంతకుముందు రేవులో ఈతకి వెళ్ళి, మామ్మ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడని ఎవరో అన్నారు. "ఆవిడ చూపు మంచిది కాదు" అన్న మాట ఒక నూతి దగ్గర పుట్టి సాయంత్రానికి అన్ని నూతుల దగ్గరికీ చేరింది. చిల్లంగి, అంటే చేతబడి, అన్న మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఆ రోజుల్లో ఆ మాటతో ముసలివాళ్ళ పళ్ళూడగొట్టిన ఊళ్ళున్నాయి, చెట్టుకి కట్టేసి కొట్టిన ఊళ్ళున్నాయి. మొగుడూ కొడుకులూ ఉన్నదాని మీద ఆ మాట అంత తేలిగ్గా పడదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. తోటల దారిన కాదు, నడివీధిలోంచి. రేవులో పంటు దిగుతున్న జనం చూస్తుండగా మామ్మ అరుగెక్కి, "వదినా, ఇవాళ వంట చెయ్యలేదు. నాకూ దీనికీ రెండాకులు వెయ్యి" అంది. మామ్మ ఒక్క క్షణం నిలబడిపోయి లోపలికి వెళ్ళింది. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, చల్లమిరపకాయలు. అమ్మమ్మ తొందరపడకుండా తింది. మారు అడిగి వడ్డించుకుంది. నాకు భయం వేసింది, కూర బాగుందని కూడా అనిపించింది. తిన్నాక చేతులు కడుక్కుని, ఇద్దరూ అరుగు మీద కాళ్ళు చాపుకుని పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నారు. పిల్లాడి జ్వరం అమలాపురం ఆసుపత్రిలో తగ్గింది. ఊళ్ళో మాట పూర్తిగా పోలేదు. కానీ అమ్మమ్మ ఉన్న చోట ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ సెలవుల్లోనే అనుకుంటాను, విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల బండి అమలాపురం వస్తే మామయ్య రష్యన్ జానపద కథల తెలుగు పుస్తకం తెచ్చాడు. దళసరి కాయితం, మాస్కోలో అచ్చు, ధర మాత్రం మన పుస్తకాలకంటే చవక. అందులో బాబా యాగా ఉంది. కోడికాళ్ళ మీద నిలబడి గిరగిర తిరిగే గుడిసె. చుట్టూ ఎముకల కంచె, కంచె మీద పుర్రెలు. ఆవిడ రోట్లో కూర్చుని, రోకలితో గాలిని తోసుకుంటూ ఆకాశాన వచ్చి, చీపురుతో వెనక జాడ చెరిపేసుకుంటుంది. రోలూ రోకలీ చీపురూ మా వంటింట్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ బొమ్మ చూసి నాకు రష్యా దూరమనిపించలేదు. ఈ కథల్ని అఫనాస్యెవ్ అనే ఆయన 1855 నుంచి 1863 మధ్య పోగుచేసి అచ్చువేశాడని పెద్దయ్యాక తెలిసింది.

వసిలీస కథ అమ్మమ్మకి చదివి వినిపించాను. సవతి తల్లీ అక్కలూ నిప్పు తెమ్మని వసిలీసని బాబా యాగా ఇంటికి పంపుతారు. అమ్మమ్మ చేతిలో విస్తరి ఆగిపోయింది. పొరుగింటికి నిప్పుకి వెళ్ళడం ఆవిడ చిన్నప్పుడు రోజూ ఉన్నదే. రాకాసి ఇంటికి నిప్పుకి పంపడమేమిటి? ముసల్ది ఇల్లు ఊడవమంటుంది, గింజలు ఏరమంటుంది. చెయ్యకపోతే తినేస్తానంటుంది. వండిందంతా తనే తినేసి పిల్లకి కాస్త క్యాబేజీ పులుసు, ఓ రొట్టెముక్క మిగులుస్తుంది.

"మిగిల్చిందా?" అంది అమ్మమ్మ.

"ఊఁ."

"అయితే రాకాసి కాదు."

చివరికి ఆ ముసల్దే, కళ్ళల్లో నిప్పు మండే పుర్రెని వసిలీస చేతికిచ్చి పంపుతుంది. ఆ నిప్పు సవతి తల్లినీ అక్కల్నీ కాల్చి బూడిద చేస్తుంది. అమ్మమ్మ తీర్పు ఎంత నిజమో ఆ తరవాత ఎన్నో రష్యన్ కథలు చదివాక తెలిసింది. అదే బాబా యాగా కప్ప రాకుమారి కథలో ఇవాన్‌కి దారి చెబుతుంది. చావులేని కష్చేయ్ ప్రాణం సూది మొనలో ఉందని, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేల్లో, కుందేలు పెట్టెలో, పెట్టె చెట్టు మీద ఉందని చెబుతుంది. మన మాయలఫకీరు ప్రాణం సప్తసముద్రాల అవతల చిలకలో ఉన్నట్టే. ఆ ఫకీరు చెర నుంచి బాలనాగమ్మని విడిపించడానికి వెళ్ళిన కొడుకు బాలవద్దిరాజుకి ఆసరా ఎవరు? పూలు కట్టే ముసలమ్మ, తంబళ్ళ పెద్ది. ఆమె ఇంట్లో మనవడిలా చేరబట్టే వాడు తల్లి దాకా వెళ్ళగలిగాడు. 1942 నాటి జెమినీ వారి బాలనాగమ్మ సినిమా అనగానే జనం కాంచనమాలనీ మాయలఫకీరునీ తలుచుకుంటారు. పెద్దిని తలుచుకునేవాళ్ళు నాకు తారసపడలేదు.

ఒక రాత్రి నాకు ఊఁ కొట్టాలనిపించలేదు. "పేదరాశి పెద్దమ్మ కథేమిటమ్మమ్మా? ఆవిడకి ఎవరూ లేరా? ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాను.

అమ్మమ్మ చాలాసేపు విసనకర్ర విసురుతూ ఉండిపోయింది. "చెప్పేదేమో. రాజకుమారుడు అడగలేదుగా" అంది.

ఆ జవాబుతోనే నేను చాలా పుస్తకాలు చదివాను. ఎ.కె.రామానుజన్ 1991లో ఇంగ్లీషులో వేసిన మన దేశపు జానపద కథల సంపుటిలో ఒక తమిళ కథ ఉంది. ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్ళూ పెట్టే హింస ఎవరికీ చెప్పుకోలేక ఒక ముసలి వితంతువు లావెక్కిపోతుంది. తినడం వల్ల కాదు, మాటలు లోపల పేరుకుపోయి. ఒకరోజు ఊరి బయట కప్పులేని పాడిల్లు దొరుకుతుంది. ఒక గోడకి పెద్దకొడుకు సంగతి చెబుతుంది, ఆ గోడ కూలుతుంది. మిగతా మూడు గోడలకి మిగతా ముగ్గురి సంగతులూ చెబుతుంది, అవీ కూలతాయి. నాలుగో గోడ పడేసరికి ఆవిడ ఒళ్ళు తేలికవుతుంది. కథంతా ఇంతే. అందులో రాజకుమారుడు లేడు. ముసలామె మాట్లాడుతుంది, అంతకంటే ఏమీ జరగదు. నాకు తెలిసిన ముసలమ్మల కథల్లో దీనికి సాటి లేదు. మన దగ్గర ఓల్గా విముక్తలో అడవిలో శూర్పణఖకి ఒక తోటనిచ్చి, సీత ఎదుట కూర్చోబెట్టి నోరిచ్చింది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అది. పేదరాశి పెద్దమ్మకి అలా నోరిచ్చే రచయిత కోసం నేనింకా చూస్తున్నాను.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద లంకల్ని ముంచేసింది. రేవు మామ్మ ఇల్లు పోయింది. ఆవిడని మా అమ్మమ్మ వాళ్ళ సావిట్లోకి తెచ్చారు. నేనప్పుడు హైదరాబాదులో ఉన్నాను. సెలవుకి వెళ్ళేసరికి ఇద్దరు ముసలమ్మలూ ఒకే చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. మామ్మ రెండేళ్ళు అక్కడే ఉండి అక్కడే పోయింది. కర్మ మామయ్య చేశాడు.

శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. రాముడి కోసం ఎదురు చూసి, ఆయన వచ్చాక పళ్ళు పెట్టిన ముసలామె పేరున్న నది. ఆ నీళ్ళే కోటిపల్లి రేవుకీ వస్తాయని అమ్మమ్మ ప్రతి కార్తీకంలో స్నానానికి దిగేముందు చెప్పేది.

పోయిన శీతాకాలం న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరున్నాను. మనవరాలికి ఎనిమిదేళ్ళు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జపాను వాళ్ళ బొమ్మల సినిమా చూపించింది, స్పిరిటెడ్ అవే. 2001లో మియాజాకి తీసినది. అందులో ఇద్దరు కవల ముసలమ్మలు. యుబాబా పిల్ల పేరు లాక్కుని పనిలో పెట్టుకుంటుంది. రెండో ఆవిడ జెనీబా రైలు తిరిగి రాని దారిలో, బురదనేల చివర, ఒంటరిగా ఉంటుంది. చీకట్లో దీపం, తలుపు తీసి లోపలికి రమ్మనడం, టీ, కేకు, రాట్నం. నేను గట్టిగా "పేదరాశి పెద్దమ్మ!" అన్నాను. మనవరాలు సినిమా ఆపేసి ఎవరావిడ అంది.

ఆ రాత్రి నుంచి కథలు మొదలుపెట్టాను. ఊఁ కొట్టడం నేర్పాను. రాజకుమారుడు గుర్రాన్ని పెద్దమ్మ గుంజకి కట్టేసి, ఏడు సముద్రాలు దాటి చిలకని పట్టి, రాకుమారిని పెళ్ళాడి, మేళతాళాలతో తన రాజ్యానికి వెళ్ళిపోయాడు. కథ అయిపోయిందన్నాను.

అవలేదంది. ఆ సినిమాలో మొహం లేని మనిషి ఒకడుంటాడు, అందరూ వెళ్ళిపోయాక వాడు జెనీబాకి తోడుగా ఆ ఇంట్లోనే ఉండిపోతాడు. మరి పెద్దమ్మ దగ్గర ఎవరున్నారు?

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

"గుర్రం ఉంది కదా అమ్మమ్మా! వాడు దాన్ని తీసుకెళ్ళినట్టు నువ్వు చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. మా అమ్మమ్మ కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆ తరవాత నిద్రపోయేదాకా మా ఇద్దరికీ అదే పని. గుర్రానికి ఏ రంగు వెయ్యాలి, పెద్దమ్మ దాన్ని ఏమని పిలుస్తుంది, ఉలవలు ఎక్కడ కొంటుంది, సంతకి వెళ్ళాలంటే వంగిన నడుముతో దాని మీదికి ఎలా ఎక్కుతుంది. మెట్లు కట్టించాలంది మనవరాలు. అరుగుంది కదే, అరుగు మీంచి ఎక్కుతుంది అన్నాను. అయితే ఎక్కి ముందు ఎక్కడికి వెళ్ళిందని అడిగింది. నువ్వే చెప్పమన్నాను.

"ఉత్తర దిక్కుకి" అంది.